రెండో చెయ్యి

2006 ఆగస్టు పద్నాలుగు, సోమవారం. ఆ పొద్దున పగిడయ్య తిన్నది జొన్న గటక, వెదురు కొమ్ముల కూర. తారీకు గుర్తుండిపోవడానికి మర్నాడు జెండా పండుగ కావడం ఒక కారణం. కూర గుర్తుండిపోవడానికి కారణం వేరు. తిన్నంతసేపూ తను నములుతున్నది వెదురేనన్న సంగతి అతనికి తట్టలేదు. మణుగూరు వచ్చి, షాపు వెనక గదిలో రంపం చేతపట్టి మొదటి బొంగు కోశాక, ఆ పొట్టు వాసన ముక్కుకు తగిలి, తిన్నది గొంతులోకి వచ్చింది.

అతనికి కోపంగా ఉంది. కోపమొస్తే గొంతు పెంచే మనిషి కాదతను. మాట తగ్గుతుంది, చెయ్యి వేగం పెరుగుతుంది. ఆ సంగతి బాగా తెలిసిన వనజ, ఎదురు బల్ల దగ్గర సోల్డరింగ్ కడ్డీ వేడెక్కే లోపు రెండుసార్లు తలెత్తి చూసి, రెండుసార్లూ ఏమీ అనకుండా దించుకుంది. మూడోసారి ఉండబట్టలేకపోయింది.

"అన్నా, నువ్వు కోసేది బొంగునా, రావు సార్ మెడనా?"

"బొంగునే. మెడ గింత గట్టిగుండదు."

వనజ నవ్వింది. అతను నవ్వలేదు.

ఆ గదికి ఒకటే కిటికీ. కిటికీ అవతల బస్టాండు వెనక గోడ. గోడ మీదుగా "పినపాక, ఏడూళ్ళ బయ్యారం" అని కండక్టర్ల కేకలు, బొగ్గు లారీల హారన్లు రోజంతా లోపలికి వస్తుంటాయి. వరద తీసి వారమే అయింది. గోడల అడుగున చెమ్మ ఇంకా ఆరలేదు. బల్ల మీద పొట్ట విప్పిన టీవీలు, మూగబోయిన టేప్ రికార్డర్లు. మూలన గోడకు ఆనించి, వచ్చిన తాడుతో వచ్చినట్టే కట్టి ఉన్న బొంగుల మోపు. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు స్కూలు పోయిన నెల కొనుక్కుని, శనివారం తిప్పి పంపిన మోపు అది.

బొంగు అంటే మామూలు వెదురు బొంగే. పెద్ద మనిషి నిలువంత పొడుగు. రెండు చివర్లా వరసగా ఇత్తడి రింగులు. నడుముకు ఒక పక్కగా కాల్చిన చువ్వతో వేసిన చిల్లులు, చిల్లుల వెనక అరచేతిలో పట్టే స్పీకరు, గోడ గడియారంలో వేసేలాంటి సెల్లులు. ఒక చివర ఒక పిల్ల, ఇంకో చివర ఇంకో పిల్ల రింగులు పట్టుకుని నిలబడితే బొంగు ఉలకదు, పలకదు. ఖాళీగా ఉన్న చేతులు రెండూ కలిపితేనే మోగుతుంది. ఏ రింగు పట్టుకుంటే ఆ స్వరం. చెయ్యి గట్టిగా నొక్కితే స్వరం పైకి పాకుతుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. చేతులు తడిగా ఉంటే కీచుమంటుంది. మధ్యలో ఇంకో పిల్ల, ఇంకో పిల్ల వచ్చి చేతులు కలుపుతూ పోతే గొంతు బరువెక్కుతూ, ఎక్కుతూ, చివరికి క్లాసంతా గొలుసు కట్టినప్పుడు ఎలుగ్గొడ్డులా గుర్రుమంటుంది. పగిడయ్య గూడెంలో పిల్లలు దానికి గుర్రుబొంగు అని పేరు పెట్టారు. షాపు యజమాని వెంకటేశ్వరరావు మాత్రం "బొంగు అంటే బజార్లో నవ్వుతారయ్యా" అని, 'మెలోడీ స్టిక్' అని స్టిక్కర్లు కొట్టించాడు.

చిన్నపిల్ల రెండు చేతులూ బార్లా చాపినా రెండు చివరలూ అందవు. ఆ పొడుగు పొరపాటున వచ్చింది కాదు. ఇప్పుడు కొయ్యమంటున్నది ఆ పొడుగునే.

పొద్దున షాపు తెరుస్తూనే చెప్పాడు వెంకటేశ్వరరావు. అతనిది సత్తుపల్లి అవతల. మాట మెత్తన, మనిషి తొందర.

"పగిడయ్యా, కోపం తెచ్చుకోకు. సగానికి కోసెయ్యాలంట. ఒక్కో పిల్లాడు ఒక్కడే వాయించుకునేటట్టు కావాలంట. సాయంత్రం వ్యాన్ వస్తుంది. రేపు జెండా దగ్గర ప్రోగ్రాం ఉంది వాళ్ళకి."

"ఒక్కడే వాయించేదైతే బొంగెందుకు సార్? బజార్ల ప్లాస్టిక్ పియానోలు లేవా?"

"మార్కులెయ్యాలంటయ్యా. ఇద్దరు కలిసి వాయిస్తే ఎవరికెంతో తెలీదంట."

"పాటకు మార్కులేంది?"

"నన్నడిగితే? నేనేమన్నా హెడ్మాస్టర్నా? కోసెయ్ జల్దీ." అని బండెక్కి పాల్వంచ వెళ్ళిపోయాడు, ఏవో టీవీ పార్టుల కోసం.

అప్పట్నించీ పగిడయ్య కోస్తూనే ఉన్నాడు. బొంగును మోకాలి కింద అదిమి, కోసే చోట తడిగుడ్డ చుట్టి, కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ కోస్తాడు. స్పీకరున్న సగం వనజకు అందిస్తాడు. ఆమె తెగిన తీగ చివరను వెనక్కి మళ్ళించి దగ్గర్లోనే ఇంకో రింగుకు అతుకుతుంది. రెండో సగం, దాని రింగులతో సహా, మూలకు పోతుంది. ఏ బొంగూ చీలలేదు. ఏ అంచూ పెచ్చు లేవలేదు. తన చేతులు ఇంత శుభ్రంగా పని చేస్తున్నందుకు కూడా అతనికి కోపంగానే ఉంది.

ఇన్నాళ్ళూ తయారైన ప్రతి బొంగునూ వాళ్ళిద్దరూ కలిసే మోగించి చూసేవారు. అతనొక చివర, వనజొక చివర, మధ్యలో చేతులు. పని మాట్లాడుకుంటూనే, ఒకరినొకరు చూసుకోకుండానే, బియ్యం చెరిగినంత మామూలుగా జరిగిపోయేది. ఈ రోజు కురచ బొంగును అతనొక్కడే రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అది మోగింది. ఏ లోపమూ లేకుండా సన్నగా, చక్కగా మోగింది. అతను దాన్ని మోగినంతసేపు మోగనివ్వకుండా పక్కన పడేశాడు.

"మోగింది కదన్నా," అంది వనజ.

"మోగింది. ఒక్కడే కూసుండి చప్పట్లు కొట్టుకున్నట్టు."

అతనికి యాభై ఆరేళ్ళు. తండ్రి కాగితం మిల్లు కూపుల్లో వెదురు నరికేవాడు. అడవిలోంచి లారీలకు లారీలు వెదురు పోయింది. ఆ వెదురుతో చేసిన కాగితం పుస్తకమై ఆ గూడెం బడికి మాత్రం ఎప్పుడోగానీ వచ్చేది కాదు. ఏడో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివి, మిగతా చదువు రేడియోల పొట్టలు విప్పి చదువుకున్నాడు. వెంకటేశ్వరరావు ఈ షాపు పెట్టిన నాటి నుంచీ ఈ బల్ల దగ్గరే ఉన్నాడు. బోర్డు మీద పేరు రావుది. బోర్డులో బల్బు వెలిగే వైరింగ్ పగిడయ్యది.

బొంగు ఆలోచన మాత్రం నాగక్కది. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు.

నాగక్క అతని భార్య. గోదావరి అవతలి ఒడ్డు పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ ఊరి రేల పాటలు ఆమెకు రావు. పాట రానివాళ్ళను గూడెం ఆడవాళ్ళు ఇంటికి పొమ్మనరు, కూర్చోబెట్టి నేర్పనూ నేర్పరు. పాడుతూ అడుగేసే వరుస తోకన నిలబెట్టి చెయ్యి పట్టుకుంటారు. పల్లవి తిరిగే చోట పక్కామె వేళ్ళు నొక్కుతుంది. అప్పుడు నోరు తెరిస్తే చాలు. తప్పు పాడినా వరుస ఆగదు, చెయ్యి మాత్రం ఇంకొంచెం గట్టిగా నొక్కుతారు. రెండు పండుగలు అట్లా తోకన తిరిగిన నాగక్క మూడో ఏటికి వరుస నడుముకు వచ్చింది. ఒకనాడు ఇప్పపూలు ఎండబోస్తూ అంది: "పాట నాకు చెవులకెల్లి రాలే, చేతులకెల్లి వచ్చింది." అనేసి మర్చిపోయింది. అతను మర్చిపోలేదు.

మూడేళ్ళ కింద ఇట్లాంటి వానల్లోనే మలేరియా వచ్చింది ఆమెకు. వాగు పొంగి బస్సు రాలేదు. ఎడ్లబండి వాగు ఒడ్డున ఆగిపోయింది. ఆమెను చంపింది జ్వరమని దవాఖానాలో రాశారు. వాగు మీద వంతెన లేకపోవడమని ఎవరూ రాయలేదు. అప్పట్నించీ పగిడయ్య కోపం ఎక్కడికీ పోలేదు. బూడిద కింద నిప్పులా కూడా కాదు, రోజూ కట్టుకునే పంచెలా ఒంటిమీదే ఉండిపోయింది.

ఆ తర్వాతే సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లల కోసం చప్పుడు చేసే వస్తువులు చెయ్యడం మొదలుపెట్టాడు. మొదట సబ్బు పెట్టెలో మీటలు బిగించాడు. పిల్లలు ఎగబడి తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఒక్కో మూలకు పోయి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, మిగతావాళ్ళకు వీపు పెట్టి కూర్చున్నారు. అతనికి ఆ వీపులు నచ్చలేదు. పెట్టెలన్నీ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత క్యాసెట్ డబ్బా, కొబ్బరి చిప్ప, సైకిల్ పంపు గొట్టం. అన్నిటికీ అదే వీపు. చివరికి ఒకరోజు పొడుగాటి బొంగు భుజాన వేసుకుని వచ్చి, "ఇది ఒక్కరికి మోగదు, ఎవరు పడితె వాళ్ళు రాండ్రి" అన్నాడు. ఆ సాయంత్రం గూడెంలో గంజి పొంగి పొయ్యిలు ఆరిపోయాయి. ముసలమ్మలు కూడా గొలుసులో నిలబడ్డారు. బొంగు గుర్రుమంటే నవ్వలేక కింద కూలబడ్డారు.

ఇవన్నీ తలుచుకుంటూ కోస్తున్నాడు గనక, ఒక బొంగు మీద గీతలు కనిపించినా అతను పెద్దగా పట్టించుకోలేదు. కంపాసు ముల్లుతో గీసిన పేర్లు. ఒక చివర హేమ్లి. ఇంకో చివర సాహితి. ఎవరి చివర వాళ్ళు, ఎవరి చేతి కింద వాళ్ళు రాసుకున్నారు. "బొంగు కనపడితె చాలు, గోకుతరు," అని గొణిగి, తడిగుడ్డ చుట్టి, నడిమికి కోసి, హేమ్లిని వనజకిచ్చి సాహితిని మూలకు విసిరాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. అన్నాలు తిని చేతులు కడుక్కుంటుండగా వీధి గుమ్మంలో ఒకామె కనిపించింది. చీర కుచ్చిళ్ళు దారిలో వానకు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. చేతిలో గొడుగు గాలికి తిరగబడి పువ్వులా విచ్చుకుని ఉంది.

"పగిడయ్య గారంటే మీరేనాండీ? నేను ప్రమీలారాణిని. స్కూల్లో పాటల టీచర్ని. ఈ బొంగులు కొనమని మా వాళ్ళని సతాయించింది నేనే."

పగిడయ్య స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"వ్యాన్లో రావొచ్చు కదా టీచరమ్మా. సాయంత్రం వస్తదంట కదా."

"వ్యాన్ కంటే ముందు రావాలనే బస్సెక్కానండీ. ఒక్క బొంగు కొయ్యకుండా ఉంచమని అడుగుదామని. దాని మీద పిల్లల పేర్లుంటాయి."

వనజ చేతిలో పళ్ళెం అట్లాగే నిలిచిపోయింది.

"మధిరలో మా నాన్నగారు హార్మోనియం చెప్పేవారు. పదేళ్ళు నేర్చుకున్నాను. ఈ పిల్లలు వారంలో వాయించినట్టు నేను ఏడాదికి గానీ..." అని మొదలుపెట్టి, ఆగి, అసలు మాటకొచ్చింది. "మార్కుల కోసమని చెప్పారు కదా మీకు? మార్కుల కోసం కాదండీ. మా స్కూల్లో ప్రభుత్వం ఫీజు కట్టి చేర్పించిన పిల్లలు కొందరున్నారు. తండాల నుంచి, గూడేల నుంచి. హాస్టల్లో ఉంటారు. హేమ్లి టేకులపల్లి అవతల తండా పిల్ల. వచ్చి ఏడాదైనా ఎవరితోనూ మాట కలిపింది కాదు. ఈ బొంగులొచ్చాక సాహితితో కలిసింది. అన్నం గంట కొట్టినా వదిలేవాళ్ళు కాదు ఇద్దరూ. పోయిన గురువారం సాహితి వాళ్ళమ్మ క్యారియర్ ఇవ్వడానికొచ్చి చూసింది."

ఆమె తన తడి కుచ్చిళ్ళు పిండుకుంది. నీళ్ళు గచ్చు మీద కారాయి.

"ఏమీ అనలేదండీ ఆవిడ. అరిస్తే బాగుండేది. కూతుర్ని కుళాయి దగ్గరికి తీసుకుపోయి చెయ్యి కడిగింది. సబ్బు తెప్పించి మరీ కడిగింది. హేమ్లి ఇంకా బొంగు చివర పట్టుకునే నిలబడి ఉంది, చూస్తూ. మర్నాడు ఇంకో నలుగురు తల్లిదండ్రులొచ్చి, మా పిల్లలు వాళ్ళ చేతులు పట్టుకోవడమేంటన్నారు. శనివారం బొంగులు వెనక్కి పంపేశారు."

గోడ అవతల ఎవరో కండక్టరు ఎవరినో తిడుతున్నాడు. పగిడయ్య లేచి, వనజ బల్ల మీది కురచ బొంగుల్లో వెతికి, ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. హేమ్లి. మూలన గుట్టలో చెయ్యి పెట్టి, గుచ్చుకుంటున్నా తీయకుండా వెతికి, ఇంకోటి తెచ్చి దాని పక్కన పెట్టాడు. సాహితి.

"పొద్దున్నే కోసిన," అన్నాడు.

ప్రమీలారాణి రెండు ముక్కల్నీ చూసింది. అతన్ని ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆ రోజుకి అతనికి దక్కిన దయ. అది కూడా అతనికి భరించడం కష్టమైంది.

"వనజా, పాలడబ్బా రేకు తే. సైకిల్ ట్యూబు తే."

"కరెంటు లేదన్నా. అతికేదెట్ల?"

"టీ కొట్టు స్టవ్ మీద కాల్చుకొస్త," అని తనే మళ్ళీ, "వద్దు, నువ్వు పో. నేను పోతె వాణ్ణి కూడ తిడత," అన్నాడు.

వనజ కడ్డీ మొన కాల్చుకుని, చల్లారకుండా చేత్తో గాలికి అడ్డం పెట్టుకుంటూ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. ఒక్క అతుకుకే అది చల్లబడింది. మళ్ళీ పరుగు. అట్లా ఎన్నిసార్లు రోడ్డు దాటిందో. టీ కొట్టతను, "ఏందక్కా, మా స్టవ్ కు నీ కడ్డీకి పెళ్ళా?" అన్నాడని వచ్చి చెప్పింది. పగిడయ్య తీగలు ముడేశాడు. రెండు ముక్కల్నీ చివరా చివరా ఆనించి, పైన రేకు చుట్టి, దాని మీద ట్యూబు పట్టీ లాగి లాగి బిగించాడు. రంపం తిన్నది ఎటూ తిరిగి రాదు. అతుకు దగ్గర బొంగు కాస్త వంకర పోయింది.

"పట్టి చూడాలె," అని అతను ఒక చివర పట్టుకుని అలవాటుగా వనజ కోసం చూశాడు. వనజ రోడ్డవతల ఉంది.

ప్రమీలారాణి గొడుగు కింద పెట్టి రెండో చివర పట్టుకుంది. ఖాళీ చెయ్యి చాపబోయి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం అతను చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసింది. మొహం ఎర్రబడి, ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే బొంగు కీచుమని అరిచింది.

"మెల్లగ, టీచరమ్మా. అది అన్నీ చెప్పేస్తది."

ఆమె వేళ్ళు వదులు చేసింది. స్వరం కిందికి జారి, అతుకు దగ్గర జీరపోతూ నిలబడింది. ముసలిగొంతులా ఉంది. కానీ నిలబడింది.

వెంకటేశ్వరరావు వచ్చేసరికి నాలుగు దాటింది. గుమ్మంలోనే అతని చూపు తాడు కట్టి ఉన్న మోపు మీద పడింది. సగం మోపు ఉన్నది ఉన్నట్టే ఉంది.

"ఇదేంటి, ఇంకా కొయ్యలేదా? వ్యాన్ వచ్చేస్తుందయ్యా!"

"కొయ్య."

"ఏంటీ?"

"కొయ్యనంటున్న సార్. ఎందుకు కొయ్యమన్నరో తెలిసింది. మీకు తెలుసా?"

వెంకటేశ్వరరావు టీచర్ వైపు చూసి, చూపు తిప్పుకుని, టీవీ పార్టుల సంచిని బల్ల మీద పెట్టాడు. సంచీ ముడి విప్పడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు పట్టింది.

"తెలిస్తే ఏం చెయ్యమంటావ్? వాళ్ళ స్కూలు, వాళ్ళ పిల్లలు. మనం సామాన్లు చేసేవాళ్ళం. వీళ్ళకి నచ్చితే ఇంకో పది స్కూళ్ళు వస్తాయి. ఈ షాపు కిరాయి, వనజ జీతం, నీ జీతం, అన్నీ ఎక్కణ్ణించొస్తాయి? టీవీలు బాగుచేయించుకునేవాడు ఎవడున్నాడిప్పుడు?"

"టీవీ కొయ్యమంటె కోస్త సార్. ఇది కొయ్య."

"నామీద అరుస్తావేంటయ్యా? నేనేమన్నా ఆ పిల్ల చెయ్యి కడిగానా?"

"కడగలే సార్. ఆమె కడిగింది. నీళ్ళు మనం మోసినం. మీరు కొయ్యమన్నరు, నేను పొద్దట్నించి కోసిన. ఎంత మంచిగ కోసిన్నో చూడుండ్రి, ఒక్కటి చీలలే!"

పగిడయ్య గొంతు పెంచడం ఆ షాపులో అప్పటిదాకా ఎవరూ వినలేదు. ముందు గదిలో మిక్సీ కోసం వచ్చిన ముసలాయన, "ఏమైంది బిడ్డా?" అని లోపలికి తొంగిచూశాడు. పగిడయ్య రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకున్నాడు.

వెంకటేశ్వరరావు చెడ్డవాడు కాదు. నాగక్క పోయినప్పుడు వాగు దాటి, మోకాళ్ళ లోతు బురదలో నడిచి వచ్చినవాడు. అందుకే ఇప్పుడు అతను అన్న మాట మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే అది లోతుగా దిగింది.

"నువ్వు చెయ్యకపోతే రేపు ఇంకోడు చేస్తాడు పగిడయ్యా. అంతేగా? ఇవి కోస్తానంటే ఉండు. లేదంటే నీ ఇష్టం."

"అవ్ సార్," అన్నాడు పగిడయ్య. దేనికి అవునన్నాడో ఇద్దరికీ తెలుసు.

వ్యాన్ వచ్చింది. కోసినవన్నీ డ్రైవరు సీట్ల కింద సర్దాడు. మిగతావి తర్వాత పంపిస్తానని వెంకటేశ్వరరావు ఫోన్లో ఎవరికో చెప్పుకుంటూ ముందు గదిలోకి పోయాడు. అతికిన బొంగు వ్యాన్లో ఎటు పెట్టినా పట్టలేదు. చివరికి ప్రమీలారాణి దాన్ని కిటికీలోంచి బయటికి పెట్టుకుని కూర్చుంది.

"కావడెత్తుకున్నరా మేడం? ఎదురొచ్చేటోని కన్ను పోతది," అన్నాడు డ్రైవరు.

"మెల్లగా పోనివ్వండి, ఎవరి కన్నూ పోదు," అని ఆమె కిటికీ కిందికి వచ్చిన పగిడయ్యతో గొంతు తగ్గించి అంది, "రేపు హేమ్లితో నేను పట్టుకుంటానండీ. అందరి ముందూ. ఎవరేమన్నా సరే."

ఆమె ఆ మాట అంటుందని అతను అనుకోలేదు. ఉద్యోగం పోవచ్చు ఆమెకు. ఆమె తడి చీర చూశాడు, విరిగిన గొడుగు చూశాడు. మంచి మాట ఏదైనా చెబుదామనే నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం కోపమే.

"పట్టుకోండి. మంచిదే. కానీ కడిగింది సాహితి చెయ్యి టీచరమ్మా. ఆ పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటరు?"

వ్యాన్ కదిలింది. బొంగు చివర బస్టాండు గోడకు రాసుకుంటూ మలుపు తిరిగింది.

పగిడయ్య లోపలికొచ్చి పనిచేసేటప్పుడు వేసుకునే ఖాకీ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ముండాచేతుల బనియను మీద పొద్దున వేసుకొచ్చిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాడు. కరెంటు అప్పటికి వచ్చింది. బల్ల మీద దీపం ఎవరూ లేని చోట వెలుగుతోంది.

"కడ్డీ ప్లగ్గు తీసిన వనజా. చూసుకో."

"ఆ బొంగులు, అన్నా?" అంది ఆమె, తాడు కట్టి ఉన్న మోపు వైపు చూస్తూ.

"ఉండనియ్. సార్ సామాను." గుమ్మం దగ్గర ఆగాడు. "కోసేటోడు వస్తె తడిగుడ్డ చుట్టమను. లేకుంటె చీలుతయ్."

చెప్పాక తనకే అసహ్యమేసి, "చీలనియ్ తీ," అన్నాడు.

"రేపు జెండా రోజు, షాపుండదు. ఎల్లుండి వస్తవ్ గదా?"

"వాన పట్టేటట్టుంది. జల్దీ ఇంటికి పో బిడ్డా."

అతను గోడ పక్క సందులోంచి బస్టాండులోకి పోయాడు. పినపాక బస్సు అప్పటికే ఇంజను ఆన్ చేసి ఉంది. కిటికీ పక్కన చోటున్నా కూర్చోకుండా, పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్నతను మలుపులో పడబోయి అతని మణికట్టు పట్టుకున్నాడు. సారీ అన్నాడు. పగిడయ్య చెయ్యి తీసుకోలేదు. బస్సు పెద్ద రోడ్డెక్కింది.

వెంకటేశ్వరరావు దీపాల వేళకు గల్లా మూసి, వెనక గదిలోకి తొంగి కూడా చూడకుండా, "తలుపేసి పో అమ్మా" అని వెళ్ళిపోయాడు. వనజ వెదురు పొట్టు ఊడ్చింది. మూలన ఉన్న ముక్కలు అట్లాగే వదిలేసింది. మోపు తాడు ముడి ఒకసారి ముట్టుకుని చూసి, ఇంకో ముడి వేసింది. ఎందుకు వేసిందో ఆమెకు తెలియదు. బయట వాన మొదలైంది. దీపం ఆర్పి, వెనక గది చెక్క తలుపు దగ్గరికి లాగింది. ఆ తలుపు మామూలుగా కిర్రుమంటుంది. ఆమె రెక్కను కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు రానివ్వకుండా మూసింది.

లోపల మేకుకు ఖాకీ చొక్కా, జేబులో టెస్టరుతో, మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉంది.